క్యాంపు గదిలో సర్క్యూట్లు, సైన్స్ ఫిక్షన్ కథలు: మానెయ్యాలా అని అడిగిన తమ్ముడికి

తమ్ముడూ, నీ ఉత్తరం మొత్తం ఇక్కడ వెయ్యలేను, చాలా పెద్దది, పైగా పేరూ ఊరూ బయటపెట్టొద్దన్నావు, అందుకని చదివేవాళ్ళకి అర్థమయ్యేలా ముందు విషయం నాలుగు ముక్కల్లో చెప్పేసి అప్పుడు జవాబులోకి వస్తాను.

రాసిన అబ్బాయిది గజపతి జిల్లాలో కాశీనగర్ వైపు ఒక పల్లె. ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా మీడియం, ఐటీఐలో ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్, ఇప్పుడు అబుదాబిలో రిఫైనరీ మెయింటెనెన్స్ పని, ముసఫా దగ్గర క్యాంపులో గదికి ఆరుగురు. వయసు 29. డ్యూటీ అయ్యాక రెండు పనులు చేస్తాడు. ఒకటి, బిస్కెట్ డబ్బాలో దాచుకున్న ఈఎస్‌పీ32 బోర్డు (ప్రోగ్రాం రాసి నడిపే చిన్న కంప్యూటర్ లాంటిది), నాలుగు సెన్సర్లు, సోల్డరింగ్ లేకుండా వైర్లు గుచ్చి సర్క్యూట్ కట్టే బ్రెడ్‌బోర్డు తీసి ఏదో ఒకటి కడుతూ ఉంటాడు. రెండోది, సైన్స్ ఫిక్షన్ చదువుతాడు, చూస్తాడు, ఫోన్‌లో తెలుగులో కథలు రాసుకుంటాడు, ఒక్కటీ పూర్తవలేదు. గదిలోవాళ్ళు "సైంటిస్టు" అని ఏడిపిస్తారు. నాన్నేమో "ఏట్రా, సంపాదించిందంతా ఆ బొమ్మలకే తగలెట్టేస్తన్నావా" అంటాడు. గునుపూర్ నుంచి ఒక సంబంధం వచ్చింది, అమ్మాయి తరఫువాళ్ళు "కుర్రాడు ఖాళీగా ఉంటే ఏం చేస్తాడు" అని అడిగితే మావయ్య "ఇవేవీ చెప్పకు, పిచ్చోడనుకుంటారు" అన్నాడట. జులైలో 40 రోజుల లీవు. ఆ లీవులో నాన్న పొలంలో మోటారుకి కెమెరాలూ యాప్‌తో పెద్ద ఆటోమేషన్ పెట్టాలని ప్లాన్. అడిగింది ఇదీ: "అక్కా, ఇవన్నీ మానేసి ఓవర్‌టైమ్ చేసుకోడమే కరెక్టా? మానక్కర్లేదంటే లీవులో ఏం చెయ్యాలి? సంబంధం వాళ్ళకి ఏం చెప్పాలి?"

మానొద్దు తమ్ముడూ. ఇది ముందే చెప్పేస్తున్నాను, మిగతాది చదివేటప్పుడు గుండె దడ లేకుండా చదువుకుంటావని.

డబ్బు లెక్క నువ్వే రాశావు. నెలకి 70, 80 దిర్హాములు ఈ సామానుకి పోతాయి, ఇంటికి పంపాల్సింది ఏ నెలా ఆగలేదు, చెల్లెలి పెళ్ళి అప్పు సగం పైన తీరిపోయింది, ఓవర్‌టైమ్ దొరికిన ప్రతిసారీ చేస్తూనే ఉన్నావు. ప్లాంటు ఆపి రిపేర్లు చేసే షట్‌డౌన్ రోజుల్లో 12 గంటల డ్యూటీ చేసొచ్చి ఇంకా ఓవర్‌టైమ్ అంటే ఒళ్ళు ఏమవ్వాలి? ఆ 70 దిర్హాములతో నువ్వు కొనుక్కుంటున్నది రేపు పొద్దున్న మళ్ళీ లేచి బస్సెక్కే ఓపిక. దాన్ని దుబారా అని నేనైతే అనను, మీ నాన్న కూడా లెక్క కాగితం మీద చూపిస్తే అనరు, ఆయనకి నువ్వెప్పుడూ లెక్క చూపించలేదు, అందుకే బొమ్మలు మాత్రమే కనపడుతున్నాయి.

కానీ నీ ఉత్తరం మళ్ళీ చదివితే నాకు డబ్బు బాధ కనపళ్ళేదు, టైమ్ బాధా కనపళ్ళేదు. నువ్వు కట్టినదాన్ని చూసేవాళ్ళు లేరు, రాసినదాన్ని వినేవాళ్ళు లేరు, అదీ నీ బాధ. ఒక్కడివే కట్టుకుని ఒక్కడివే విప్పేసి డబ్బాలో పెట్టేసుకుంటే ఎంత ఇష్టమైన పనైనా కొన్నాళ్ళకి చేదెక్కిపోద్ది, అప్పుడు గదిలోవాళ్ళు ఏడిపించడం మొదలెట్టకముందే మనకి మనమే ఏడిపించుకుంటాం. నీ కథలు పూర్తవకపోడానికి కూడా కారణం ఇదేనని నా అనుమానం, ఎదురుచూసేవాడు లేనప్పుడు చివరిదాకా ఎందుకు రాస్తాం చెప్పు.

నీకొక మనిషి సంగతి చెప్పాలి. హ్యూగో గెర్న్‌స్‌బాక్ అని, లక్సెంబర్గ్‌లో 1884లో పుట్టాడు, ఇంకా 20 నిండకుండానే 1904లో బతుకుతెరువు కోసం అమెరికా వెళ్ళాడు. అక్కడేం చేశాడంటే యూరప్ నుంచి వైర్‌లెస్ సామాను తెప్పించి అమ్మే కంపెనీ పెట్టాడు, ఇంట్లో కూర్చుని సొంతంగా రేడియో కట్టుకునే కుర్రాళ్ళకి కిట్లు అమ్మాడు, వాళ్ళ కోసం 1908లో ఎలక్ట్రానిక్స్ పత్రిక మొదలెట్టాడు, ఆ సర్క్యూట్ల పత్రికలో మధ్యమధ్యలో భవిష్యత్తు గురించి కథలు వేశాడు. కథలకి ఆదరణ చూసి 1926 ఏప్రిల్‌లో అచ్చంగా సైన్స్ ఫిక్షన్‌కే 'అమేజింగ్ స్టోరీస్' అని పత్రిక తెచ్చాడు, ఇలాంటి కథలకి మాత్రమే పెట్టిన మొదటి పత్రిక అదే. సైన్స్ ఫిక్షన్‌కి ఇచ్చే హ్యూగో అవార్డులు ఈయన పేరు మీదవే. రచయితలకి డబ్బులు సరిగ్గా ఇవ్వలేదన్న చెడ్డపేరు కూడా ఉంది ఆయనకి, అది దాచిపెట్టి పొగడక్కర్లేదు. నీకు కావాల్సిన ముక్క వేరే ఉంది. ఆ పత్రికలో పాఠకుల ఉత్తరాలు వేసేటప్పుడు రాసినవాళ్ళ అడ్రసులు కూడా పూర్తిగా అచ్చువేసేవాళ్ళు. దాంతో ఎక్కడో చిన్న ఊళ్ళో ఒంటరిగా చదువుకుంటున్న కుర్రాడికి ఇంకో ఊళ్ళో తనలాంటోడి అడ్రసు దొరికేది, వీడు వాడికి ఉత్తరం రాసేవాడు, అలా రాసుకుని రాసుకుని క్లబ్బులు పెట్టుకున్నారు, సొంతంగా చిన్న చిన్న పత్రికలు సైక్లోస్టైల్ చేసి పంచుకున్నారు, 1939లో న్యూయార్క్‌లో వరల్డ్‌కాన్ అని సైన్స్ ఫిక్షన్ అభిమానుల మొదటి మహాసభ పెట్టేశారు. అది ఇప్పటికీ నడుస్తోంది, నడిపేది జీతం లేని వాలంటీర్లే.

అంటే చూడు, పరాయిదేశంలో బతుకు, సర్క్యూట్ల మీద మోజు, ఈ కథల మీద మోజు, ఈ మూడూ మొదట్నుంచీ ఒకే ఇంట్లో పుట్టినవి. నువ్వేదో అతకని మూడు ముక్కలు మోస్తున్నాననుకుంటున్నావు. వాటన్నిటినీ కలిపింది మాత్రం మిషను కాదు, కథా కాదు, అడ్రసు. నీకు కావాల్సింది ఇంకో మనిషి అడ్రసు.

ఆ మనిషి నీ గదిలోనే ఉన్నాడేమో చూడు. నువ్వే రాశావు, పట్టించుకోకుండా దాటేశావు గానీ నేను అక్కడే ఆగిపోయాను. సోంపేట కుర్రాడు ఒకడు, స్కాఫోల్డింగ్ (పరంజా కట్టే) పని చేసేవాడు, ఒకరాత్రి నువ్వు కథ సగం చెప్పి నిద్రొస్తోందని పడుకుంటే మర్నాడు బస్సులో "అయితే ఆ ఓడ తలుపు తీసేక తరవాతేటయింది?" అని అడిగాడన్నావు. మిగతా నలుగురు ఏడిపించిన సంగతి ఒక పేజీ రాశావు, ఈ ఒక్కడి గురించి ఒక్క లైను రాశావు! వాడికి తరవాతేమైందో చెప్పావా లేదా? చెప్పకపోతే ఈ రాత్రే చెప్పు. కథ తెలీకపోతే కల్పించి చెప్పు. రాయడానికి కూర్చుంటే ఆగిపోయే కథ నోటితో చెప్పేటప్పుడు ఆగదు, ఎదురుగా ఉన్నవాడు ఊఁ కొడుతుంటే దానంతటదే దారి వెతుక్కుంటది, అప్పుడు ఫోన్‌లో వాయిస్ రికార్డు చేసి పెట్టుకో, రాయడం తర్వాత.

గది బయట కూడా ఉన్నారు. నువ్వు ఉన్న దేశం అంతరిక్షం అంటే పడిచచ్చే దేశం, 2021 ఫిబ్రవరిలో వాళ్ళ హోప్ నౌక మార్స్ కక్ష్యలోకి వెళ్ళింది, ఆ నెల అక్కడ ఎంత సంబరమో నీకే తెలుసుండాలి. దుబాయ్ ముష్రిఫ్ పార్కులో అల్ తురయా ఆస్ట్రానమీ సెంటర్ ఉంది, దుబాయ్ ఆస్ట్రానమీ గ్రూప్ వాళ్ళది, టెలిస్కోపులో చూపిస్తారు, మాటలు చెప్తారు. షార్జాలో ఏటా నవంబరు నెలలో ఎక్స్‌పో సెంటర్లో పెద్ద బుక్ ఫెయిర్ పెడతారు, మన దేశం నుంచి కూడా పబ్లిషర్లు వస్తారు, మలయాళీలు వేలకొద్దీ వస్తారు. వారానికి ఒక్క రోజు సెలవులో అబుదాబి నుంచి పోయి రావడం కష్టమే, రోజంతా పోద్ది, అయినా ఏడాదికి ఒకటి రెండుసార్లు పో. అక్కడ క్యూలో నీ వెనకాల నిలబడ్డవాడు కేరళవాడో పాకిస్తానీయో ఫిలిప్పీన్స్ అబ్బాయో, శని గ్రహం వలయం చూసి నోరు తెరిచిన వాణ్ణి పట్టుకుని మాట్లాడెయ్, నీకు హిందీ వచ్చు, మొహమాటం దేనికి?

ఇక్కడే ఒక మాట గట్టిగా చెప్పాలి, దీన్ని మాత్రం విని తీరాలి. క్యాంపు గదిలో సోల్డరింగ్ ఐరన్ పెట్టకు. మంచం మీద, దుప్పటి పక్కన, ఆరుగురు పడుకునే చోట 350 డిగ్రీల ఇనుము, విడి లిథియం సెల్సు, ఇవి అస్సలు వద్దు. క్యాంపు రూల్సులో ఏముందో కనుక్కో, వర్క్‌షాపులో సూపర్‌వైజర్‌ని అడిగితే టేబుల్ ఇస్తారేమో అడుగు, ఇవ్వకపోతే బ్రెడ్‌బోర్డుతోనే సరిపెట్టుకో. అసలు సగం పనికి బోర్డు కూడా అక్కర్లేదు, వోక్వీ అని బ్రౌజర్లో నడిచే సిమ్యులేటర్ ఉంది, ఈఎస్‌పీ32, సెన్సర్లు, డిస్‌ప్లే అన్నీ స్క్రీన్ మీదే కలిపి ప్రోగ్రాం నడిపి చూసుకోవచ్చు, తప్పు కలిపినా ఏమీ కాలిపోదు. ఇంకోటి, సిగ్నల్ పంపే రేడియో మాడ్యూల్స్ ఏవీ అక్కడ ఆన్ చెయ్యకు, ఆ దేశంలో రేడియో సామానుకి టెలికాం రెగ్యులేటర్ పర్మిషన్ గొడవ ఉంటది. అలాగే కథకి బొమ్మ కావాలని ప్లాంటు ఫోటోలు తియ్యకు, ఎక్కడా పెట్టకు. ఇవన్నీ నీకు తెలుసు అంటావేమో, తెలిసినా చెప్తాను, ఎందుకంటే ఒక సరదా కోసం వీసా పోగొట్టుకోకూడదు.

ఇప్పుడు మోటారు సంగతి, దీని గురించి చెప్పాల్సింది చాలా ఉంది.

నువ్వు వేసిన ప్లాన్ చూశాను. సోలార్ కెమెరా, ఏనుగుని గుర్తుపట్టే ఏఐ, మట్టి తేమ సెన్సర్లు, మోటారు ఆన్ ఆఫ్ చేసే యాప్, టవర్ లేకుండా ఒక పెట్టె నుంచి ఇంకో పెట్టెకి కబురు అందించుకునే మెష్ నెట్‌వర్క్. ఇవన్నీ ఎందుకు కావాలనిపించిందో కూడా రాశావు, 2018 అక్టోబర్లో తిత్లీ తుపాను వచ్చినప్పుడు టవర్లు పడిపోయి మూడు రోజులు ఇంటికి ఫోన్ కలవక నువ్వు అక్కడ అన్నం తినలేదని. మా బరంపురంలో కూడా ఆ రోజులు గుర్తున్నాయి, గజపతిలో కొండచరియలు విరిగిపడి ఎంతమంది పోయారో. ఆ భయంలోంచి పుట్టిన ప్లాన్ ఇది, దాన్ని చిన్నచూపు చూడను. కానీ 40 రోజుల లీవులో, అందులో పెళ్ళిచూపులూ చుట్టాలూ వానలూ పోగా మిగిలే పది పదిహేను రోజుల్లో, ఇది అవ్వదు, సగంలో వదిలేసి ఫ్లైటెక్కుతావు, ఆ సగం కట్టిన పెట్టె పొలంలో కనపడినప్పుడల్లా మీ నాన్న తిడతారు.

అసలు మీ నాన్నకి ఏం కావాలి? నీ ఉత్తరంలోనే ఉంది. పొలానికి మోటారు తిరగడానికి కావాల్సిన త్రీ ఫేజు (మూడు లైన్ల) కరెంటు ఎప్పుడొస్తదో తెలీదు, రాత్రి వచ్చిందేమో అని టార్చి పట్టుకుని ముప్పావు కిలోమీటరు నడిచి వెళ్తారు, రాకపోతే తిరిగొస్తారు, మళ్ళీ వెళ్తారు. గట్టు మీద పాములు, అటు లఖారీ కొండల వైపు నుంచి దిగే ఏనుగుల భయం. అంటే ఆయన బాధ మోటారు వెయ్యడం కాదు, ఉత్తినే తిరగడం. కరెంటొచ్చిందో లేదో మంచం మీద తెలిస్తే ఆ నడకలు సగానికి సగం తగ్గిపోతాయి. నువ్వు కట్టాల్సింది అదొక్కటే.

మోటారు ఆన్ ఆఫ్ చేసేది మాత్రం నువ్వు కట్టొద్దు. ఆ నీలం రంగు చిన్న రిలే మాడ్యూల్ (బోర్డు నడిపే స్విచ్) పెట్టి త్రీ ఫేజు మోటారు నడిపేద్దామని రాశావు, అది చదివి నాకు భయమేసింది. 415 వోల్టుల దగ్గర, తడి నేల మీద, చెప్పుల్లేకుండా నిలబడే మనిషికీ కరెంటుకీ మధ్య ఇంట్లో చేసిన సర్క్యూట్ ఉండకూడదు. ఫోన్‌తో నడిచే మొబైల్ స్టార్టర్లు రెడీమేడ్‌గా దొరుకుతాయి, పర్లాకిమిడిలో మోటారు సామాను అమ్మే షాపుల్లో అడుగు, ఫేజు పోతే ఆపేది, నీళ్ళు లేకుండా తిరిగితే ఆపేది కూడా అందులోనే ఉంటాయి. డబ్బులు కూడాక అది కొనియ్యి, ఎలక్ట్రీషియన్ చేత పెట్టించు. సొంతంగా చేసుకోవాలన్న పట్టుదల అక్కడ చూపించక్కర్లేదు. కొనేటప్పుడు సిమ్ గురించి ఒకటి చూసుకో, పాత రకం మాడ్యూల్సు 2జీ మీద నడుస్తాయి, జియోకి 2జీ లేదు, మీ పొలం దగ్గర ఏ సిగ్నల్ నిలబడుతుందో దాన్నిబట్టి తీసుకో.

మరి నువ్వు కట్టే పెట్టె ఎలా ఉండాలంటే, పొలంలో షెడ్డు దగ్గర ఒకటి, ఇంట్లో మీ నాన్న మంచం దగ్గర ఒకటి. షెడ్డులో దానికి ఒక్కో ఫేజుకీ ఒక్కో మంచి కంపెనీ ఫోన్ చార్జర్, మొత్తం మూడు. చార్జర్ లోపల ట్రాన్స్‌ఫార్మర్ ఉంటది కాబట్టి పెద్ద కరెంటుకీ నీ బోర్డుకీ సంబంధం తెగిపోద్ది, నీ వైపు వచ్చేది 5 వోల్టులే. సంతలో దొరికే యాభై రూపాయల చార్జర్ల మీద ఈ నమ్మకం పెట్టుకోకు. ఈఎస్‌పీ32 కాళ్ళు (పిన్నులు) 3.3 వోల్టులకే కాబట్టి 10 కిలో ఓమ్స్, 20 కిలో ఓమ్స్ రెసిస్టర్లతో దించుకో, ఇది నీకు చెప్పక్కర్లేదు, రోజూ ప్లాంటులో కొలతలు పంపే ట్రాన్స్‌మిటర్లు సరిచేసేవాడివి. మూడు కాళ్ళూ హై అయితే (వోల్టేజీ కనపడితే) మామూలుగా త్రీ ఫేజు వచ్చినట్టు, రెండే అయితే ఒక ఫేజు లేనట్టు, ఆ పరిస్థితిలో మోటారు వేస్తే వైండింగ్ కాలిపోద్ది, మీ నాన్నకి ఈ సంగతి కరెంటొచ్చిందన్న మాటకంటే విలువైంది.

ఇందులో రెండు మెలికలు ఉన్నాయి. ఒకటి, చార్జర్ ఫేజుకీ న్యూట్రల్‌కీ (కరెంటు తిరిగెళ్ళే వైరుకీ) మధ్య ఉండాలి, మీ పంపు లైనుకి న్యూట్రల్ సరిగ్గా ఉందో లేదో ముందు ఎలక్ట్రీషియన్ చేత చూపించు, లేకపోయినా తెగిపోయి ఉన్నా ఈ పద్ధతి వద్దు, చార్జర్లు పేలతాయి. రెండోది చాలామందికి తట్టదు. మోటారు తిరుగుతుండగా ఒక ఫేజు పోతే ఆ తిరిగే మోటారే పోయిన ఫేజు మీద వోల్టేజీ పుట్టిస్తది, నీ చార్జరు ఇంకా వెలుగుతూనే ఉంటది, నీ పెట్టె అంతా బాగానే ఉందని చెప్తది, లోపల మోటారు కాలుతూ ఉంటది. అందుకని నీ పెట్టె మోటారు వెయ్యకముందు చెప్పే కబురుకే, తిరుగుతున్నప్పుడు కాపాడేదానికి షాపులో కొన్న ప్రివెంటరే (ఫేజు పోతే మోటారు ఆపేసేది). ఇది పెట్టె మీద తెలుగులో రాసి అతికించు.

షెడ్డు నుంచి ఇంటికి కబురు పంపడానికి లోరా బాగుంటది, తక్కువ పవర్‌తో చిన్న కబుర్లు దూరం పంపే రేడియో అది. మన దేశంలో 865 నుంచి 868 మెగాహెర్ట్జ్ దాకా తక్కువ పవర్‌తో వాడుకోడానికి లైసెన్సు అక్కర్లేదు, 868 అని రాసి అమ్మే మాడ్యూలే సరిపోద్ది, ప్రోగ్రాంలో 866కి మార్చుకో. యాంటెనా బిగించకుండా ఆన్ చెయ్యకు, చిప్ పోవచ్చు. వరి మడుల మీంచి ముప్పావు కిలోమీటరు దానికి లెక్కలోది కాదు, మధ్యలో జీడితోట ఉంటే యాంటెనా కాస్త ఎత్తులో కట్టు, వెదురు కర్ర చాలు.

ఇక ఇంట్లో పెట్టె దగ్గర యాప్ పెట్టకు. మీ నాన్నకి యాప్ దేనికి? ఎస్‌డీ కార్డులోంచి ఎంపీ3 వాయించే చిన్న మాడ్యూల్ దొరుకుద్ది, ఒక స్పీకరు తగిలించు, నీ గొంతుతోనే రికార్డు చెయ్యి. "నాన్నా, కరెంటొచ్చింది, మూడు ఫేజులూ ఉన్నాయి." "నాన్నా, ఒక ఫేజు లేదు, మోటారెయ్యకు." "నాన్నా, కరెంటు పోయింది." అంతే మూడు మాటలు. ఒక్క బటన్ పెట్టు, నొక్కితే ఇప్పుడెలా ఉందో చెప్పాలి, ఇంకో బటన్ వద్దు. రాత్రి ఒంటిగంటకి అబుదాబిలో ఉన్న కుర్రాడు ఇంట్లోంచే మాట్లాడుతుంటే బొమ్మలాటలని మీ నాన్న ఇంకోసారి అంటారేమో చూద్దాం.

పెట్టె విషయంలో చాలామంది సర్క్యూట్ బాగా కట్టి డబ్బా దగ్గర పాడుచేసుకుంటారు. మన పొలాల్లో స్టార్టర్ డబ్బా తెరిస్తే ఏముంటాయో నీకు తెలుసు, చీమలు, బల్లి గుడ్లు, కందిరీగల మట్టిగూడు. వైర్లు వచ్చే చోట సందు మూసే కేబుల్ గ్లాండ్ బిగించు, కన్నాలు కిందవైపే పెట్టు, ఎండ తగలని గోడకి కట్టు. ఇన్‌స్ట్రుమెంట్ జంక్షన్ బాక్సుని ప్లాంటులో ఎంత శ్రద్ధగా మూస్తావో అంత శ్రద్ధగా మూసెయ్, ఆ విద్య నీ చేతిలో ఉంది, ఇంటి దగ్గర నుంచి వీడియోలు చూసి నేర్చుకునే కుర్రాళ్ళకి అది లేదు. పిడుగుల రోజుల్లో ప్లగ్గులు తీసెయ్యమని చెప్పు.

ప్రోగ్రాం మొత్తం ఊరికి వచ్చే లోపే వోక్వీలో పూర్తి చేసుకో, లోరా, ఎంపీ3 మాడ్యూల్ ఊళ్ళో పరీక్షించు. విడి లిథియం సెల్సు ఉంటే చెక్-ఇన్ లగేజీలో వెయ్యకు, చేతి సంచిలోనే ఉండాలి, కొసలు టేపు వేసి. డ్రోన్ తెస్తానన్నావు, తేకు, 2022 నుంచి మన దేశంలోకి డ్రోన్ దిగుమతి మీద నిషేధం ఉంది, ఎయిర్‌పోర్టులో తీసేసుకుంటారు. సాటిలైట్ ఫోన్ లాంటివి అసలు ముట్టుకోకు, పర్మిషన్ లేకుండా మన దేశంలో ఉంటేనే కేసు. తుపానుకి పనికొచ్చే మెష్ నెట్‌వర్కు వచ్చే లీవుకి ఆలోచిద్దాం, ఈ రెండు పెట్టెలు ఒక వానాకాలం నిలబడితే నీకే తెలుస్తది దేనికి ఏం కావాలో.

కథల గురించి. నువ్వు పంపిన మూడు మొదళ్ళూ చదివాను. ఒకటి న్యూయార్కులో, ఒకటి పేరు లేని గ్రహం మీద, మూడోదాంట్లో కెప్టెన్ పేరు జాన్. "మన ఊరి పేర్లు పెడితే సైన్స్ ఫిక్షన్ లాగ ఉండదు అక్కా" అని రాశావు. నాకు ఆ మూడిట్లో నచ్చింది ఒకే ఒక్క పేరా, జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా ఎండలో పని ఆపే ఆ 12:30 నుంచి 3 మధ్యలో నువ్వు షెడ్డు కింద పడుకుని ఫ్లేర్ స్టాక్ (మిగులు గ్యాసు కాల్చే గొట్టం) మంట చూస్తూ, పగటి వెలుగులో మంట కనపడదు గాలి వణకడమే కనపడుద్ది అని రాశావు చూడు, అది. దానికి కథతో సంబంధం లేదు, పక్కన నాకు చెప్పుకుంటూ రాసింది. న్యూయార్క్ నువ్వు చూళ్ళేదు, అది చూశావు. ఇంకో గ్రహం మీద గొట్టాలూ వాల్వులూ మంటలూ మాస్కులూ మధ్య పరాయి భాషలో ఆర్డర్లు వింటూ బతికే మనిషి గురించి నీకంటే ఎవడు బాగా రాస్తాడు? మన దగ్గర చూసినా, అటు కోరాపుట్ జిల్లా సునాబెడాలో మిగ్ విమానాల ఇంజన్లు తయారుచేసే ఫ్యాక్టరీ, ఇటు మహేంద్రగిరి కొండ మీద పాత గుళ్ళు, మధ్యలో సవర ఆదివాసుల పల్లెలు. ఇన్ని కాలాలు మన చుట్టుపక్కలే బతుకుతుంటే టైమ్ మిషన్ కోసం న్యూయార్క్ పోడం దేనికి.

ఒడియా మీడియం, తెలుగు స్పెల్లింగులు తప్పులు వస్తాయని సిగ్గుపడుతున్నావు. తప్పులు ఉన్నాయి, వత్తులు అటూ ఇటూ అయ్యాయి, ఎవరైనా చదువుకున్నవాళ్ళు ఒకసారి దిద్దితే పోతాయి. మాట మాత్రం మార్చొద్దు, "ఏటి", "ఎలగ", "వొచ్చేసినాడు" అన్నీ అలాగే ఉండాలి. జనం మాట్లాడే తెలుగే రాయాలని పోరాడిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పింది మీ పర్లాకిమిడిలోనే, బడి పని అయ్యాక సవరవాళ్ళ దగ్గర కూర్చుని వాళ్ళ భాష నేర్చుకుని నిఘంటువు చేశారు, అదీ ఉద్యోగం అయ్యాక చేసిన పనే. నీకు ఒడియా చదవడం వచ్చు కదా, అది లోటు కాదు, నాకు లేని ఇంకో తలుపు నీకుంది. గోకులానంద మహాపాత్ర గారని కెమిస్ట్రీ ప్రొఫెసర్, ఒడియాలో సైన్స్ ఫిక్షన్ రాశారు, లీవుకి వచ్చినప్పుడు వెతికి చదువు. ఖండపడాలో పఠాణి సామంత అని 19వ శతాబ్దంలో ఒకాయన వెదురుతో, కర్రతో చేసుకున్న పరికరాలు పట్టుకుని టెలిస్కోప్ లేకుండా గ్రహాల లెక్కలు వేశాడు, బళ్ళో ఆయన పాఠం నువ్వు చదివే ఉంటావు. ఆయన మీద కథ రాయమని కాదు, సామాను లేదని ఆగిపోయిన రోజు ఆయన పద్ధతి ఒకసారి తలుచుకో.

కథ ఒక్కటే పెట్టుకో, చిన్నది, సోంపేట కుర్రాడికి ఒక రాత్రిలో చెప్పేయగలిగినంత. అది పూర్తయ్యేదాకా రెండోది మొదలెట్టకు.

చివరికి సంబంధం సంగతి. మీ మావయ్య నీ మంచికే చెప్పారు గానీ ఆయన మాట ఈ విషయంలో వినకు. పెళ్ళయ్యాక నువ్వు ఫోన్‌లో మాట్లాడే టైములో సగం ఈ బోర్డుల గురించీ కథల గురించే మాట్లాడతావు, ఆ అమ్మాయికి అది ముందు తెలియాలి, తెలిసి ఒప్పుకోవాలి, తెలిసి వద్దనుకుంటే అదీ మంచిదే. దాచాల్సింది ఏముంది, తాగుడా పేకాటా? పెద్దవాళ్ళకి ఒక్క మాట చాలు: "ఖాళీ దొరికితే ఎలక్ట్రానిక్స్ పని చేస్తాను, కథలు రాస్తాను, నెలకి దానికి ఇంత అవుద్ది, ఇంటికి ఇంత పంపుతున్నాను, అప్పు ఇంత ఉంది." ఆ అమ్మాయితో విడిగా మాట్లాడే వీలు దొరికితే మాత్రం నీ గురించి చెప్పి ఆగిపోకు, తనకి ఏం ఇష్టమో అడుగు, గునుపూర్లో డిగ్రీ చేసిందన్నావు, ఏం చదివింది, ఏం చదవాలనుకుని మానేసింది, పెళ్ళయ్యాక నువ్వు ఏడాదికో రెండేళ్ళకో ఓసారి వచ్చేవాడివి అయితే ఆ మధ్యకాలం తను ఎక్కడ ఉండాలనుకుంటుంది, ఏం చెయ్యాలనుకుంటుంది, ఇవి అడుగు. గల్ఫ్ వాళ్ళ పెళ్ళిళ్ళలో ఎవరూ అడగని ప్రశ్న ఇదే, మా వీధిలోనే చూస్తున్నాను, ఆడపిల్లలు అత్తారింట్లో ఫోన్ పట్టుకుని కూర్చుంటారు, వాళ్ళకి ఏ సరదా ఉందో కట్టుకున్నవాడికి కూడా తెలీదు. నీ సరదాకి చోటు కావాలని అడుగుతున్నావు కాబట్టి తన సరదాకి కూడా నువ్వే ముందు చోటు చూపించాలి.

చార్జర్ల కనెక్షన్ బొమ్మ గీసి ఒకసారి నాకు పంపు, ఎలక్ట్రీషియన్‌కి ఇచ్చే ముందు చూస్తాను. న్యూట్రల్ సంగతి మాత్రం ఇప్పుడే మీ నాన్నకి ఫోన్ చేసి కనుక్కోమను.